బొమ్మల కొట్టు లీజు బదిలీ

నిర్మల్‌లో నేను వకాలత్ చేసిన చివరి సంవత్సరాలవి. కరోనా తగ్గి కోర్టులు మళ్లీ తెరుచుకున్నాయి. బెల్లంపల్లి నుంచి వచ్చిన కవిత నా దగ్గర జూనియర్‌గా చేరి రెండేళ్లయింది. మెట్లెక్కిన కక్షిదారులు నా గుమ్మంలోనే నిలబడి "మేడమున్నదా?" అని అడిగేవారు. నవ్వి ఆమె కుర్చీ చూపేవాణ్ణి. లోపల మండేది.

ఒకరోజు రాజమౌళి అనే కొయ్యబొమ్మల పనివాడు వచ్చాడు. చూపు మందగించి కొట్టు నడపలేకపోతున్నాడు. లీజు ఇంకా ఆరేళ్లుంది. ఆ మిగిలిన కాలాన్ని, తన దగ్గర పదిహేనేళ్లుగా రంగులు వేస్తున్న షహనాజ్ పేరిట మార్చాలన్నాడు. ఓనరు ఒప్పుకోకపోతే కుదరదని తేల్చేశాను. కవిత లీజు పత్రం రెండుసార్లు చదివింది. బదిలీ చేయకూడదనే షరతు అందులో లేదని, అలాంటప్పుడు కిరాయిదారుకు చట్టమే ఆ హక్కు ఇస్తుందని చూపించింది. ఆమె మాటే సరైనది. ఆ తర్వాత రాజమౌళి ఏది అడిగినా ఆమెనే అడిగాడు.

ఆమె రాసిన బదిలీ పత్రాన్ని తప్పు దొరుకుతుందేమోనని చదివాను. దొరికింది. 'ఇకపై నాకు ఏ బాధ్యతా లేదు' అని రాజమౌళి తరఫున రాసింది. నిజానికి ఓనరు విడుదల చేసేదాకా పాత కిరాయిదారు బాధ్యత పోదు. రేపు షహనాజ్ షరతు తప్పినా ఓనరు రాజమౌళిని పట్టుకోవచ్చు. ఆ సంగతి కవితకు చెప్పలేదు. నలుగురి ముందూ చెప్పాలని దాచుకున్నాను.

శుక్రవారం, రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో, సాక్షుల ఎదుట బయటపెట్టాను. కవిత ముఖం పాలిపోయింది. "తప్పు నాదే సార్," అని ఓనరుకు ఫోన్ చేయడానికి పక్కకు వెళ్లింది.

రాజమౌళి నా వైపు తిరిగాడు. "గిది మీకు ఎన్నడెరుకైంది సార్?"

"సోమవారం," అన్నాను.

"నాలుగొద్దులు కడుపుల వెట్టుకున్నరా? ఆమె మీద కోపముంటె ఆమెతోని తేల్చుకోవాలె. నా కాయితం మీద తీసుకుంటరా?"

"జానేదో చాచా, పనైతే సాలు," అంది షహనాజ్. ఆయన మాత్రం మళ్లీ నా ముఖం చూడలేదు.

తర్వాతి వారం ఓనరు వచ్చి, షహనాజ్‌ను ఒప్పుకుంటూ, రాజమౌళిని విడుదల చేస్తూ సంతకం పెట్టాడు. రిజిస్ట్రేషన్ అయింది. ఏడాది తిరక్కుండా కవిత సొంత ఆఫీసు తెరిచింది. రాజమౌళి ఇంటి కాగితాలు అటే వెళ్లాయి.

పత్రంలో తప్పు కనిపిస్తే ఆ రోజే చెప్పాలి. అది ఎవరు రాసినా సరే. ముప్పై ఏళ్ల వకాలత్ తర్వాత ఈ మాట నాకు ఒక కక్షిదారు చెప్పాల్సి వచ్చింది.