ఎద్దును చూసినట్టు చూసి కొన్న కారు

ఆ రోజుల్లో కారు కొనడమంటే సంతలో ఎద్దును కొనడం కంటే పెద్ద సంగతేమీ కాదని మా నాయిన నమ్మకం. (అప్పటికి ఆయన ముప్పై ఒక్క ఎద్దులను కొన్నాడు, కారు ఒక్కటీ కొనలేదు.) 1943 వేసవి, నాకు పన్నెండేళ్ళు. యుద్ధం వల్ల పెట్రోలు కూపన్ల మీదే దొరుకుతుండడంతో కార్లున్నవాళ్ళు అమ్మేసుకుంటున్నారు. మాకు మాత్రం అప్పుడే కావలసివచ్చింది. రెండేళ్ళ ముందు మా అక్క తొలి కాన్పు నొప్పులతో ఎడ్లబండిలో మహబూబ్‌నగర్ దవాఖానకు బయలుదేరి, దారిలోనే బిడ్డను పోగొట్టుకుంది. ఇప్పుడు మళ్ళీ ఏడో నెల. "దారిల నిలవని బండి గావాలె. అందం నాకొద్దు" అన్నాడు నాయిన.

నాగర్‌కర్నూల్‌లో ఒక వకీలుగారి నల్ల కారు ఉందంటే నేనూ వెంటపడి వెళ్ళాను. అద్దంలా మెరుస్తోంది. రబ్బరు బుడ్డి హారను ఒకసారి నొక్కి, ఇక ఇది మాదేనని తీర్మానించుకున్నాను. నాయిన మాత్రం ఎద్దు మెడ తడిమినట్టు ఇంజను మీది రేకు తడిమి, "ఇప్పటిదాంక దున్నిచ్చిన్రా వకీలు సాబ్? గింత ఎచ్చగున్నది" అన్నాడు.

"ఇది ఎద్దు గాదు పటేలా, కారు."

"ఏదైతేంది. ఎల్లుండి వస్త."

ఎద్దును చూడటానికి చెప్పిన రోజున వెళ్ళకూడదన్నది ఆయన పద్ధతి. మరునాడే, తెల్లవారగానే వెళ్ళాం. రేకు చల్లగా ఉంది. డ్రైవరు ఇంజను లేపే ఇనుప హ్యాండిల్ తిప్పుతుంటే నేను లెక్కపెట్టాను: ఇరవై ఏడు తిప్పులు. కారు కనీసం దగ్గలేదు. "చలికి గట్లనే అయితది" అన్నారు వకీలుగారు. అది వైశాఖమాసం.

ఇంటికి వచ్చేదాకా హారను కోసం ఏడ్చాను. "అక్కకంటె హారనెక్కువనా నీకు?" అని నాయిన అడిగితే, అవునన్నట్టే మూతి ముడుచుకున్నాను. (సిగ్గుపడుతూనే రాస్తున్నాను.)

రెండోది వనపర్తిలో, ఒక బియ్యం సేటుది. సొట్టలు పదకొండు, హారను లేదు. చల్లటి ఇంజను మూడో తిప్పుకే లేచింది. నాయిన అంతటితో వదలక నలుగురు మనుషులను, మూడు వడ్ల బస్తాలను ఎక్కించి వాగు ఇసుకలో నడిపించి చూశాడు. ఆపైన సంతలో లాగానే వేళ్ళతో ధర చెప్పడానికి తువ్వాల కింద సేటు చెయ్యి పట్టుకోబోతే, సేటు చెయ్యి లాక్కొని, "నోటితోని చెప్పు పటేలా, గిలిగింతలైతున్నయ్" అన్నాడు. పన్నెండు వందల నిజాం హాలీ రూపాయలకు బేరం తెగింది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం అక్కకు నొప్పులు మొదలయ్యాయి. ఆలోగా కారు నడపడం నేర్చుకున్న మా చిన్నాయన హ్యాండిల్ తిప్పాడు. నాలుగో తిప్పుకు కారు లేచింది. అక్క పక్కన కూర్చుని నేను మైలురాళ్ళను పైకి లెక్కపెడుతున్నాను. ఇరవై మూడో రాయి దగ్గర అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "జర ఊకోవే, నీ లెక్కలకే పానం బోతున్నది" అంది. ఊరుకున్నాను. కారు ఎక్కడా ఆగలేదు. దీపాలు పెట్టేవేళకు దవాఖానలో బిడ్డ ఏడుపు వినిపించింది.

ఆ బిడ్డకిప్పుడు మనవలు. నాయిన చేసిన మేలు తలచుకోని రోజు లేదు. ప్రతిదీ లెక్కగా ఉండాలని ఇంటిల్లిపాదినీ సాధించే ఈ ముసలిదానికి, ఆ దారి మొత్తం ఎన్ని మైళ్ళో మాత్రం ఇప్పటికీ తెలియదు. అడిగితే ఎవరైనా చెబుతారు. నేనే అడగలేదు.