గుంటమగ్గం ఎక్కిన వెంకటనర్సమ్మ

పోచంపల్లిలో మగ్గం నేసే గండయ్యకు, శారదమ్మకు 1951లో రెండో కాన్పున ఆడపిల్ల పుట్టింది. వెంకటనర్సమ్మ అని పేరు పెట్టారు. పిల్ల ఎడమ ముంజేయి సగమే ఉంది. మణికట్టు లోపలికి వంగిపోయింది, బొటనవేలు లేదు. గ్రహణం నాడు కత్తిపీట ముట్టినందుకే ఇట్లయిందని అత్త శారదమ్మను నిందించింది. గండయ్య పెళ్లిళ్లకు పోయినప్పుడు పిల్ల చేతి మీద తువ్వాల కప్పేవాడు.

శారదమ్మ మూడు నెలల పిల్లను ఎత్తుకొని హైదరాబాదు బస్సెక్కింది. ముంజేతిలో ఉండాల్సిన రెండు ఎముకల్లో ఒకటి ఏర్పడనే లేదని, అందులో తల్లి తప్పేమీ లేదని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. రోజూ నూనె రాసి మణికట్టును మెల్లగా సాగదీయమంది. చేయి దాచకుండా దానితోనే పనులు చేయించమంది. ఇల్లు చేరగానే శారదమ్మ, తన తప్పేమీ లేదన్న మాట ముందు అత్తకు చెప్పింది. తర్వాత ఏడేళ్లు ఒక్క రోజు కూడా మానకుండా ఆ చేయి సాగదీసింది. వంపు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

పన్నెండేళ్లప్పుడు వెంకటనర్సమ్మ అందరు ఆడపిల్లల్లాగే నూలు కండెలు చుట్టేది. మనసు మాత్రం మగ్గం మీదే. ఒకనాడు తండ్రి అన్నానికి లేవగానే మగ్గం కింది గుంటలోకి దిగి కూర్చుంది. కుడిచేత్తో తాడు లాగితే పేక పోగును మోసే నాడె అటు పరుగెత్తింది. ఇక ఎడమచేత్తో మగ్గానికి వేలాడే పలక గుంజి పోగును దగ్గరికి కొట్టాలి. పట్టుకోవడానికి బొటనవేలు లేదాయె. వంగిన మణికట్టునే పలకకు తగిలించి గుంజింది.

చేయి కడుక్కొని వచ్చిన గండయ్య వంగి బట్టను వేలితో తడిమాడు.

"పోగు బిర్రుగ పడ్తలేదు బిడ్డా. భుజంతోని గుంజు," అన్నాడు.

మణికట్టు ఒరుసుకుపోకుండా పలకకు పాతగుడ్డ చుట్టాడు. మొదటి బట్టకు అంచు వంకర పోతే మూడుసార్లు పేక విప్పించాడు. ఆమె ఏడ్చింది, మళ్లీ కూర్చుంది. పదిహేనేళ్లకు, ముందే పోగులకు రంగులద్ది నేసే పూలచీర మొత్తం ఒక్కతే నేసింది.

పద్దెనిమిది నిండాక తండ్రీబిడ్డలు నేతగాళ్ల సంఘానికి పోయారు. గుమాస్తా ఆమె చేతి వైపు చూసి, సభ్యత్వం తండ్రి పేరు మీదే రాస్తానన్నాడు.

"నేసేది నా బిడ్డ. నా పేరెందుకు? ఆమె పేరే రాయుండ్రి. నమ్మకుంటె ఇంటికొచ్చి చూడుండ్రి," అన్నాడు గండయ్య.

గుమాస్తా నిజంగానే వచ్చాడు. వెంకటనర్సమ్మ తలెత్తకుండా జానెడు బట్ట నేసింది. పూలు ఎక్కడా చెదరలేదు. ఆయన మగ్గం పక్కనే చాప మీద కూర్చొని పుస్తకం తెరిచి ఆమె పేరు రాసుకున్నాడు. ఆ వారమంతా గండయ్య ఇంటికొచ్చిన వాళ్లందరినీ మగ్గం దాకా తీసుకుపోయి మరీ బిడ్డ నేత చూపించాడు.