బాబిన్ వీధి నలభై ఒక్కరు

"ఖాకీ అంటే ఒకటే రంగు, అమ్మడూ. నువ్వు అయిదు రంగులు వేశావు," అన్నాడు గ్రాన్‌విల్ టాప్‌సెల్, హాలంతా వినబడేలా.

గని కార్మికుల భవనంలో ఆదివారం మధ్యాహ్నం. పదకొండు బల్లల మీద కొండలు, వాగులు, చిన్న చిన్న చర్చీలు. వాటి చుట్టూ పొట్టలు పెరిగిన మగవాళ్ళు, చేతుల్లో కొలత టేపులు, పాచికలు. సీసపు సిపాయిని ఆరంగుళాలు జరపడానికి అరగంట వాదించుకునే జాతి. టీ కిటికీ వెనక నిలబడి, ఉడికిన బఠాణీలో పుదీనా పచ్చడి వేస్తున్న బెరిల్ గరిటె ఆపి చూసింది.

బొమ్మ సిపాయిలతో పాత యుద్ధాలు ఆడుకునే ఆ క్లబ్బుకి గ్రాన్‌విల్ అధ్యక్షుడు. బీమా ఆఫీసులో పెత్తనం చేసి రిటైరైన మనిషి. ఎవరు ఏ బొమ్మ పెట్టినా వంగి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, బొత్తాలు లెక్కపెట్టి తప్పు పట్టకపోతే ఆయనకు తిన్నది అరగదు. ఆ రోజు ఆయన వంగింది మేవిస్ కట్స్ బొమ్మల మీద. ఒక్కొక్కటి బొటనవేలి పొడవు లేదు. నలభై ఒక్కమంది, మొదటి ప్రపంచ యుద్ధం నాటి సిపాయిలు.

మేవిస్ కుర్చీలోంచి లేవలేదు. "నీ కోటు ఎప్పుడు కొన్నావు నాయనా?" అంది.

"ఈస్టరుకి. ఎందుకు?"

"మరి ప్యాంటో?"

"రెండూ కలిపే. సూటు."

"ఒకటే రంగా?"

"కనబడటం లేదా? నీలం."

అప్పుడు లేచింది. ఆయన కోటు చేతి అంచు పట్టుకుని, తప్పిపోయిన పిల్లాణ్ణి లాక్కెళ్ళినట్టు కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. చెయ్యి కిందికి లాగి కోటు చేతిని తొడకి ఆనించింది. వెలుతురులో కోటు నీలంగా ఉంది. ప్యాంటు వంకాయ రంగుకి తిరిగి ఉంది. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా గొల్లుమంది.

"ఒక్క సూటుకే రెండు నీలాలు! యుద్ధం మధ్యలో, రంగు దొరక్క, దేశంలో ఉన్న ప్రతి తొట్టిలోనూ ముంచి తీసిన గుడ్డ ఒక్క రంగులో వస్తుందా? ముప్పై రెండేళ్ళు అద్దకం కార్ఖానాలో రంగుకి రంగు సరిచూసిన దాన్ని. నాకు నువ్వు ఖాకీ నేర్పుతావా?"

గ్రాన్‌విల్ కందిపోయిన మొహం ఏ తొట్టిలో ముంచితే ఆ రంగు వస్తుందో ఎవరైనా చెప్పగలిగేవాళ్ళు. బెరిల్ ఆ పూట మేవిస్‌కి రెండో గిన్నె బఠాణీ అడక్కుండానే పోసింది.

మేవిస్ ఆ క్లబ్బుకి వచ్చింది యాభై ఎనిమిదో ఏట. మొదటి రోజు తలుపు తీసినవాడు ఆమెను చూసి, "తుడుపుకర్ర మెట్ల కింద ఉందమ్మా," అన్నాడు. "నీ నోరు తుడుచుకోవడానికా?" అని ఆమె చెప్పుల పెట్టె తెరిచి బల్ల మీద పెట్టింది. అందులో దూదిలో పడుకోబెట్టిన సిపాయిలు ఏడుగురు. ఆ తర్వాత ఆ మనిషి తుడుపుకర్ర మాట ఎత్తలేదు.

అంతకు ముందు ఆమె బతుకంతా అద్దకం కార్ఖానాలోనే. పదిహేనేళ్ళకి బడి మానేసి చేరింది. మేజోళ్ళ నూలు తొట్టిలోంచి రాగానే ఒక పోగు తెచ్చి ఆమె ముందు పెట్టేవాళ్ళు. కిటికీ దగ్గర పట్టుకుని చూసి "ఎరుపు ఎక్కువైంది", "ఇంకో పావుగంట ఉంచండి" అని చెప్పడమే పని. మిషన్లు వచ్చాక కూడా మిషన్ మాట పక్కన పెట్టి ఆమె మాటే విన్నారు. ఆఖరికి కార్ఖానాయే మూసేశారు. పెళ్ళి ఒకటి చేసుకుంది. అతను బార్న్స్‌లీ ఊరి పిల్లతో వెళ్ళిపోయాడు. దాని గురించి ఎవరైనా జాలిపడితే, "పోయింది ముక్కుతో ఈలేసే మనిషే కదా," అనేది.

పుట్టింది బాబిన్ వీధిలో. ఆ వీధిలో మొత్తం ముప్పై నాలుగు ఇళ్ళు. ఆ ఇళ్ళలోంచి యుద్ధానికి పోయి తిరిగి రానివాళ్ళు నలభై ఒక్కమంది. వీధి చివర ప్రార్థనా మందిరం గోడకి ఇత్తడి పలక మీద వాళ్ళ పేర్లుండేవి. మేవిస్ నాయనమ్మకి అందులో ఇద్దరు తమ్ముళ్ళు. ఆ ముసలమ్మ ప్రతి శనివారం గుమ్మం మెట్టు తోముతూ, చేతిలో బ్రష్షుతో ఒక్కో గుమ్మం చూపిస్తూ మనవరాలికి చెప్పేది. అదిగో ఆ ఇంట్లో హెన్షాల ఎర్రజుట్టు పిల్లాడు, ఈల బాగా వేసేవాడు. ఇదిగో ఈ ఇంట్లో ఓల్డ్‌నో అన్నదమ్ములు, పెద్దాడికి గడ్డం మీద గాటు. తర్వాత వీధిని కూల్చి పెద్ద రోడ్డు వేశారు. మందిరం పోయింది. పలక ఏ గోదాములో ఉందో ఎవరికీ తెలియదు.

అందుకే మేవిస్ ఆ నలభై ఒక్కమందినీ చేసింది. పదకొండేళ్ళు పట్టింది. వంటింటి బల్ల దగ్గర, ఉత్తరం కిటికీ వెలుగులో, పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా. బ్రష్షు మొన పెదాలతో తడిపి సూది చేసుకుని, ఊపిరి బిగబట్టి ఒక కనురెప్ప గీసేది. హెన్షా పిల్లాడికి ఎర్రజుట్టు, ఓల్డ్‌నోకి గాటు. ఎక్కడెక్కడి ముసలివాళ్ళ ఇళ్ళకో వెళ్ళి పాత ఫోటోలు అడిగి చూసింది. ఒక్కొక్కణ్ణీ కార్ఖానా నుంచి తెచ్చుకున్న పాత రంగుల అట్ట ముక్క మీద అతికించి, అట్ట కింద పెన్సిల్‌తో పేరు రాసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకసారి బెరిల్ ఒక బొమ్మను తిరగేసి చూసి, "ఫ్రెట్‌వెల్ అని రాసుంది, ఎవరిది?" అంటే, "మీ అమ్మమ్మ పక్కింటివాడు, కింద పెట్టు," అంది. బెరిల్ ఆ వీధికి వెనక సందులో పుట్టిన మనిషే.

"వాళ్ళందరికీ చెప్పరాదూ, ఇన్ని పేర్లున్నాయని," అంది బెరిల్.

"ఎందుకు? చప్పట్లు కొడతారా? నాకక్కర్లేదు."

అలా చెప్పకపోవడమే మేవిస్ చేసిన తప్పు అని బెరిల్ ఇప్పటికీ అంటుంది. ఆమె ముందు మాత్రం అనదు.

మే నెలలో ఉత్తరాన ఒక ఊళ్ళో ఈ ఆటల పెద్ద మేళా వచ్చింది. గ్రాన్‌విల్ పన్నెండడుగుల బల్ల పరిచి మహాయుద్ధం ఆడించబోతున్నాడు. సిపాయిలు చాలక మేవిస్‌ని అడిగాడు. సూటు సంగతి మర్చిపోయినట్టే నవ్వుతూ అడిగాడు.

"అట్ట పట్టుకుని ఎత్తాలి. తుపాకీ పట్టుకుని ఎత్తారంటే ఊరుకోను," అంది మేవిస్. ఆ ఆటలో అది చిన్నపిల్లాడికి కూడా తెలిసిన మర్యాద.

"నా ప్రాణంలా చూసుకుంటాను, అమ్మడూ."

మూడు వారాల తర్వాత ఆదివారం ఆటకి వచ్చి, పెట్టె ఆమె ముందు పెట్టి, మూత తనే తీశాడు. బహుమతి ఇస్తున్నవాడిలా వెలిగిపోతున్నాడు.

పెట్టెలో నాలుగు పెద్ద చెక్క పలకలు. పలకకి పదిమంది చొప్పున, ఒక పలకకి పదకొండుమంది, వరసలు కట్టి అతికించి ఉన్నారు. కింద ఇసుక, పైన ప్లాస్టిక్ గడ్డి.

"ఆటకి కొత్త రూల్సు వచ్చాయి కదా, విడి విడి మనుషులు ఇక పనికిరారు. మూడు రోజులు కూర్చుని చేశాను. నువ్వు ఒక్క పెన్నీ ఇవ్వక్కర్లేదు."

మేవిస్ ఒక పలక తీసి తిరగేసింది. వార్నిష్ పూసిన నున్నటి చెక్క.

"అట్టలేవి?" అంది.

"ఏ అట్టలు?"

"వాళ్ళ కింద ఉన్న అట్టలు."

"అవా? వేణ్ణీళ్ళలో నానబెడితే ఊడొచ్చేశాయి. గుజ్జయిపోయాయి. చెత్తబండికి వేసేశాను. కింద ఏవో పెన్సిల్ గీతలున్నాయి, పాత అట్టలే కదా అనుకున్నాను."

"గీతలు చూశావా?"

"చూశాను. చదవలేదు."

బెరిల్ ఇప్పుడు మేవిస్ అరుస్తుందనుకుంది. ఆమె అరవలేదు. చాలా మెల్లిగా, ఒక్కో మాటా పేరుస్తున్నట్టు చెప్పింది. అవి పేర్లని. బాబిన్ వీధి పేర్లని. ఏ మనిషి ఎవరో ఆ అట్ట మీద తప్ప ఎక్కడా రాసి లేదని.

ఒకడు పాచికలు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

గ్రాన్‌విల్ దగ్గాడు. "చెప్పి ఉండాల్సింది కదా! అయినా దీనికి ఇంత బాధెందుకు? పేర్ల జాబితా ఇవ్వు. ఇంట్లో లేబుళ్ళు కొట్టే మిషనుంది. అక్షరక్రమంలో పలకకి పది పేర్లు అంటించేస్తాను. ఇంకా శుభ్రంగా ఉంటుంది."

"అక్షరక్రమంలో చచ్చారా వాళ్ళు?" అంది మేవిస్.

"అలా అంటే ఎలా... నేను మంచికే..."

"నిన్ను మంచి ఎవడు చెయ్యమన్నాడు? నిన్ను అడిగానా? అరువు తెచ్చుకున్న కోడిని ఎవడైనా ఈకలు పీకి వండి తిరిగిస్తాడా, వండిపెట్టానుగా అని? నా ఇంట్లో మనిషిని తీసుకెళ్ళి, పేరు కడిగేసి, పది మందిలో అతికించి, పైగా గడ్డి చల్లి తెచ్చావు. నవ్వుతూ తెచ్చావు!"

"సీసపు ముక్కల కోసం..." అన్నాడు వెనకనుంచి ఎవరో.

ఆ మాట అన్నదెవరో బెరిల్ చూడలేదు. చూసి ఉంటే గరిటె విసిరేది. మిగతావాళ్ళు బల్లల వైపు తిరిగారు. తాము గీసిన సిపాయి బెల్టు మీద బొత్తం తప్పైతే నెలరోజులు నిద్రపోని ఆ మనుషుల్లో ఆవిడ పక్షాన ఒక్క మాట మాట్లాడటానికి ఒక్కడికీ నోరు పెగల్లేదు. అధ్యక్షుడితో మనకెందుకనుకున్నారు కాబోలు.

బెరిల్ టీ కిటికీ రెక్కలు దడాలున మూసి గడియ పెట్టింది.

"బెరిల్, రెండు టీలు..." అని కిటికీ రెక్క తట్టాడు ఒకడు.

"లేవు."

"బఠాణీ?"

"కుండతో సహా సింకులో పోశాను. పోయి మీ అధ్యక్షుణ్ణి వేణ్ణీళ్ళు అడగండి, ఆయన దగ్గర బాగా ఉంటాయి!"

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు ఆ కిటికీ తెరుచుకోలేదు. అయిదో ఆదివారం గ్రాన్‌విల్ ఒక కార్డు పంపాడు. అందులో 'అపార్థం' అన్న మాట రెండుసార్లు ఉంది, 'తప్పు' అన్నది ఒక్కసారీ లేదు. మేవిస్ దాన్ని చించలేదు. దాని వెనక వైపు తెల్లగా ఉందని రంగు బ్రష్షు తుడుచుకోవడానికి ఉంచుకుంది.

జూలై ఆఖరున ఒక పొద్దున బెరిల్ ఆమె ఇంటికి వెళ్ళింది. కిటికీ పక్క బల్ల మీద నాలుగు పలకలూ ఖాళీగా ఉన్నాయి, గడ్డి పీకి. మేవిస్ సన్నటి చాకుతో ఒక్కొక్కణ్ణీ మళ్ళీ ఊడదీసింది. నలుగురికి చీలమండలు విరిగితే పిన్ను గుచ్చి నిలబెట్టింది. ఆమె వేళ్ళ నిండా చాకు గాట్లు.

"ఇరవై తొమ్మిది మంది దొరికారు," అంది, పలకరింపు లేకుండానే. కొత్త అట్టల మీద, గోడ వైపు, వాళ్ళు వరసగా ఉన్నారు. "హెన్షాని జుట్టుని బట్టి పోల్చాను. ఓల్డ్‌నోని గాటుని బట్టి. ఫ్రెట్‌వెల్ ముక్కు ఊరంతటికీ తెలుసు."

"మరి వీళ్ళు?"

కిటికీ వైపు ఇంకో వరస. పన్నెండుమంది. బెరిల్ వంగి చూసింది. టోపీ, మీసం, బుగ్గలు. అందరూ ఒక్కలాగే ఉన్నారు.

"వీళ్ళకి ఫోటో లేదు. చుట్టం లేడు. మా నాయనమ్మకి కూడా ఇంటి నంబరు తప్ప గుర్తు లేదు. గుర్తు పెట్టుకోవడానికి ఎవరైనా మిగిలినవాళ్ళు వాళ్ళ మొహాలతోనే నిలబడ్డారు. ఏ దిక్కూ లేనివాళ్ళకి పెన్సిల్ ఒక్కటే దిక్కు. సరిగ్గా దాన్నే కడిగేశాడు వెధవ." బల్ల మీద పిడికిలితో గుద్దింది. పన్నెండుమందిలో ఒకడు పడిపోయాడు. వెంటనే అట్ట పట్టుకుని నిలబెట్టింది. "నా మీద కూడా మంటగానే ఉందిలే. పదకొండేళ్ళు చూసిన మొహాలు. నేనే గీశాను. ఒక్కడూ తెలియడం లేదు."

"పేర్లున్నాయిగా పన్నెండూ?"

"ఉన్నాయి." కాగితం తోసింది. "రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. గూడాకర్ అని రాయబోతాను, ఇతను గూడాకర్ కాకపోతే అనిపిస్తుంది. నేను రాస్తే నాకు తెలుస్తుంది, అబద్ధమని. చూసినప్పుడల్లా తెలుస్తుంది. ఆ లేబుళ్ళ మిషన్ వాడికీ నాకూ తేడా ఏముంటుంది?"

మేవిస్ పెన్సిల్ చెక్కి, పన్నెండు కొత్త అట్ట ముక్కలు పక్కన పెట్టి, కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"నువ్వు రాయి," అంది.

"నేనా? నా రాత కోడి గీకినట్టుంటుంది. గూడాకర్‌లో ఎన్ని అక్షరాలో కూడా నాకు తెలియదు."

"కాగితం చూసి రాయి. ఒక్కొక్కణ్ణీ చేతిలోకి తీసుకుని, తొందరపడకుండా మొహం చూసి, నీకు ఎవరిలా అనిపిస్తే ఆ పేరు రాసి అంటించు. ఆ సందులో పుట్టినదానివి, నీ కంటికి ఏదో ఒకటి తగలకపోదు. నేను పెరట్లో ఉంటాను." తలుపు దాకా వెళ్ళి, గొళ్ళెం మీద చెయ్యి ఉంచి వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం అదే కరుకు. "అయ్యాక అట్టల కింద బంక ఆరనియ్యి. ఏది ఎవరో నాకెప్పుడూ చెప్పకు, బెరిల్. నేను చచ్చేలోపు ఒక్కసారైనా నోరు జారావంటే మాత్రం నీ మొహం చూడను."