పచ్చ తీగ విప్పింది నేనే

చిత్తూరు పురవీథుల విద్యుద్యంత్ర వైద్యశిఖామణి, జీర్ణ ధ్వనివర్ధకాల పాలిటి ధన్వంతరి, మా ఆర్కెస్ట్రా ఆపద్బాంధవుడు మునిరత్నం గారు గత మంగళవారం మధ్యాహ్నం దివంగతులైనారన్న దుర్వార్త చెవిని పడగానే నేను దిగ్భ్రాంతుణ్ణయ్యాను. ఆ మహనీయుని జీవితాన్ని పది ఆశ్వాసాల మహాకావ్యంగా రచించాలని అప్పటికప్పుడు సంకల్పించాను. ఆయన మరణానికి ఫ్యాన్లు సైతం తిరుగుట మాని శోకముద్ర వహించాయని మొదటి వాక్యం రాసేశాను కూడా. తర్వాత గుర్తొచ్చింది, వేసవిలో ఆ వేళకు మా వీధిలో రోజూ కరెంటు కోతే.

కాబట్టి ఇది మహాకావ్యం కాదు. ఒక ప్లగ్గు కథ. ఆ ప్లగ్గులో మూడు స్క్రూలుండేవి. అందులో ఒకటి నేను విప్పాను. నింద మునిరత్నం గారు మోశారు. నాలుగేళ్లు మోసి, దానితోనే వెళ్లిపోయారు. ఆ నింద దించడానికి ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను. ఆలస్యమైందని నాకు తెలుసు.

ఆయన పోయింది గుండె ఆగి. అంగట్లో కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్లీ లేవలేదు. కానీ అంతిమయాత్రలో నా వెనక నడుస్తున్న ఇద్దరి మాటలు ఇవి:

"కరెంటు కొట్టిందా అప్పా?"

"లేదంట. గుండె."

"ఏమోలే. పలమనేరు పెండ్లిలో గూడా ఈయన వైరింగే గదా, పాటలోడు సావబోయింది."

నేను వెనక్కి తిరిగి నిజం చెప్పవలసింది. చేతిలో పూలదండ సర్దుకున్నాను. నాలుగేళ్ల అభ్యాసం ఊరికే పోదు కదా, మౌనం ఎంతో అనాయాసంగా వచ్చింది.

ఆయన్ను ఎరగనివారి కోసం: పొట్టి మనిషి. జేబులో పెన్ను ఉండవలసిన చోట టెస్టరు. నవ్వడం తెలుసు కానీ పని మధ్యలో నవ్వేవారు కారు. మా ఆర్కెస్ట్రా యజమాని చెంగల్రాయుడు గారు బెంగళూరులో ఏదో బంగళా సామాన్ల వేలంలో ఒక గిటారు యాంప్లిఫయరు కొన్నారు. వాల్వులది, దొరల సీమ సరుకు, వయసులో నాకంటే పెద్దది. దాని కరెంటు తీగ గుడ్డ చుట్టిన పాతకాలపు రెండు పోగుల తీగ, చూడ్డానికి ఎలుక తోకలా ఉండేది. గిటారిస్టును కనుక దాన్ని మునిరత్నం గారి అంగడికి మోసుకెళ్లే భాగ్యం నాదే.

"సౌండు తక్కువొస్తా ఉండాదన్నా" అన్నాను.

ఆయన సౌండు సంగతి పట్టించుకోలేదు. తోక పట్టుకున్నారు. "ఇది ఎవురు కట్టినారప్పా?"

"చేసిన దొరలే కట్టినారు."

"దొరలు కట్టి పాయిరి. వాయించేది నువ్వు గదా."

ప్లగ్గు పీకి పెట్టె తెరిచారు గాని, వెంటనే చెయ్యి పెట్టలేదు. "పీకినంత మాత్రాన ఇది సచ్చినట్టు గాదు. కరెంటు కడుపులో పెట్టుకోని ఉంటాది" అంటూ ఒక చెయ్యి జేబులో ఉంచుకుని, ఇంకో చేత్తో లోపలి కండెన్సర్లలో దాగిన కరెంటును ఒక రెసిస్టరుతో దించేశారు. తర్వాత, కరెంటు తీగకూ ఇనప పెట్టెకూ మధ్య ఉన్న ఒక చిన్న కండెన్సరును చూపించారు.

"గుయ్ మనకుండా దీన్ని పెట్టినారు. ఇది పాడైతే కరెంటు పెట్టెకొస్తాది. పెట్టెనించి నీ గిటారు తీగలకొస్తాది. ఒక చెయ్యి తీగల మింద, ఇంకో చెయ్యి మైకు మింద పెడితివనుకో, దావలో ఏముండాది?"

"ఏముండాది?"

"నీ గుండెకాయ."

"నా గుండెకాయ ఎప్పుడో ఒక పిల్ల దగ్గర పెట్టేసినానన్నా. భయం లేదు."

"అట్లయితే ఆ పిల్లను గూడా తోడుకోని రా. ఇద్దురికీ ఒకేసారి చెప్తా."

ఆ కండెన్సరును పీకి పారేశారు. మూడు పోగుల తీగ వేశారు. ఫ్యూజునూ స్విచ్చినీ కరెంటు వచ్చే తీగమీదికి మార్చారు. ఇనప పెట్టె మీద రంగు గీకి, మెరుపు తేలాక, దానికంటూ ప్రత్యేకంగా ఒక బోల్టు వేసి, పళ్లున్న వాషరుతో పచ్చ తీగను, అంటే లీకైన కరెంటును నేలలోకి దించే ఎర్తును, బిగించారు. ఆ పచ్చ తీగ మిగతా రెండింటికంటే రెండు వేళ్లు పొడుగుంది. తప్పు పట్టే అవకాశం దొరికిందని నేను సంబరపడి అడిగాను.

"ఎవురన్నా తగులుకోని తాడు లాగితే ముందు కరెంటు తెగాల, ఎర్తు కడాకు తెగాల. ఇంట్లో అందురూ తిన్నాక తినే ముసిలమ్మ మాదిరి" అన్నారు. చివరగా ఒక మాట అన్నారు. "ట్రాన్స్‌ఫార్మరు ముసిలిదైపాయ. ఏదో ఒక దినం లీకవుతాది. ఆ దినం ఫ్యూజు పోతాది. పోతే తిట్టబాకు, దండం పెట్టు."

ఆ రోజు నుంచి ఆయన మా కార్యక్రమాలన్నిటికీ వచ్చేవారు. ఏ కల్యాణమండపానికి వెళ్లినా పెళ్లికొడుకెవరని అడిగేవారు కారు. "ఎర్తు గుంత యాడుండాది?" అని అడిగేవారు. వెనక్కి వెళ్లి, గుంత వెతికి, ఎండిన నేలలో ఎర్తు పనిచేయదని దానిమీద ఒక బకెట్టు నీళ్లు పోసి, తర్వాత వేదిక మీద సాకెట్టుకు బల్బు పెట్టి పరీక్షించి, అప్పుడు గాని మా ప్లగ్గు పెట్టనిచ్చేవారు కాదు. పెళ్లివారు ఆయన కాళ్లు కడుక్కోవడానికి నీళ్లడుగుతున్నారనుకుని చెంబు తెచ్చేవారు. ఆయనకు 'ఎర్తప్ప' అని పేరు పెట్టింది నేనే. అది జిల్లా అంతా పాకింది. నా సృష్టిలో అంత ఆదరణ పొందినది మరొకటి లేదు.

ఇక పలమనేరు. పగటి పెళ్లి, భోజనాల వేళ. అక్కడి మైకు సెట్టుకూ మా యాంప్లిఫయరుకూ మధ్య తీగ కలపగానే హోరు మొదలైంది. పెళ్లికూతురి మేనమామ వేదిక దగ్గరికొచ్చి, "ఏమప్పా, పాటలు పాడేదానికొచ్చినారా, తేనెటీగల్ని తోలుకొచ్చినారా?" అన్నాడు. పంక్తిలో అందరూ నవ్వారు. నవ్వించే హక్కు నాదొక్కడిదేనని నమ్మి బతికేవాణ్ణి కనుక నాకు రోషమొచ్చింది. ఎర్తు విప్పితే హోరు పోతుందని తిరుపతి గిటారిస్టు ఒకడు చెప్పిన చిట్కా తెలుసు. ప్లగ్గు తెరిచి, పచ్చ తీగ విప్పి, వెనక్కి మడిచి, నా ఎర్ర టేపు చుట్టి మూసేశాను. హోరు పోయింది. ఆ సమయంలో మునిరత్నం గారు మండపం వెనక, ఎండకు ఆరిపోతున్న గుంతలో మళ్లీ నీళ్లు పోస్తున్నారు.

మూడో పాటలో ముసలి ట్రాన్స్‌ఫార్మరు లీకయింది. పచ్చ తీగ ఉండి ఉంటే ఫ్యూజు పోయేది, మాకు ఒక పాట పోయేది. మా గాయకుడు దాము ఫొటోగ్రాఫరు కోసం వయ్యారంగా ఒక చేత మైకు పట్టుకుని, రెండో చెయ్యి నా గిటారు తీగల మీద వేశాడు. నేను రబ్బరు చెప్పులతో చెక్క వేదిక మీద ఉన్నాను, మైకు ముట్టుకోలేదు. నాకేమీ కాలేదు. దాము విరుచుకుని డోలక్ మీద పడ్డాడు. మునిరత్నం గారు బకెట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకారు. దాము అరచెయ్యి కాలింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఫొటో మాత్రం చాలా బాగా వచ్చింది.

"ఏం మునిరత్నం, ఇదేనా నువ్వు పెట్టిన ఎర్తు?" చెంగల్రాయుడు గారు అరిచారు.

మునిరత్నం గారు ప్లగ్గు విప్పారు. ఎర్ర టేపు చూశారు. మా బృందంలో ఎర్ర టేపు వాడేది నేనొక్కణ్ణే. ఒక స్క్రూ బిగించేంత సేపు నా వైపు చూశారు. ప్లగ్గు మూసేశారు.

"నేనే సరిగా బిగించలేదయ్యా" అన్నారు.

నేను ఆయన పక్కనే ఉన్నాను. నా గొంతు బాగానే ఉంది. కాలిన చెయ్యి కూడా నాది కాదు.

తిరుపతి నుంచి బంగారుపాళ్యం దాకా ఏ ఆర్కెస్ట్రా మళ్లీ ఆయన గడప తొక్కలేదు. ఆయన రేడియోలకూ ఫ్యాన్లకూ పరిమితమయ్యారు. నేను అంతటితో ఆగలేదు. బకెట్టు పట్టుకుని ఆయన నడిచే తీరును పాటల మధ్య విరామంలో వేదిక మీద అనుకరించి చప్పట్లు కొట్టించుకున్నాను. ఈ వాక్యం కొట్టేయమని నా చెయ్యి నన్ను మూడుసార్లు అడిగింది.

ఆరునెలల తర్వాత అంగడికి వెళ్లాను. "అట్లెందుకు చెప్పినావన్నా?"

"నువ్వెందుకు విప్పినావు?"

"గుయ్ మనింది."

"గుయ్ మంటే ఏం చెయ్యాలో నేను నీకు చెప్పినానా?"

"లేదు."

"మరి అది నా తప్పే గదా. రా, సూడు."

అంగట్లో రెండు యాంప్లిఫయర్లను కలిపి గుయ్ మనిపించారు. వాటి ఎర్తులు అలాగే ఉంచి, కలిపిన తీగలో పోగు చుట్టూ జల్లెడలా అల్లిన రాగి తొడుగును మాత్రం ఒక పక్క విప్పి చూపించారు. హోరు పోయింది. "గుయ్ మంటే పాట ఆపు, ఎర్తు ఆపబాకు" అన్నారు.

"చెంగల్రాయుడయ్యకు నేను చెప్తానన్నా."

వద్దంటారని ఆశించి అన్నాను. మహానుభావులు అలాగే అంటారని విన్నాను.

"చెప్పు" అన్నారాయన. "దాముకు గూడా చెప్పు. ఆ పిల్లోడు నాతో మాట్లాడ్డంలేదు."

చెప్పలేదు. మూడున్నరేళ్లు చెప్పలేదు. ఆయన మళ్లీ అడగలేదు. నేను అంగట్లో అడుగు పెట్టినప్పుడల్లా తల ఎత్తి ఒకసారి చూసేవారు, మళ్లీ పనిలో పడేవారు.

మొన్న దాముకు చెప్పాను. వాడు తిడతాడని వెళ్లాను. "నాలుగేండ్లు ఆయన దండం పెడితే మొగం తిప్పుకోని పోయినాను గదరా" అని మాత్రం అన్నాడు. తర్వాత, "నాకు అప్పుడే చెప్పింటే నిన్ను రెండు తన్ని ఇడిసేసి ఉందును. ఇప్పుడు ఆయనకు నేనేం చెప్పేది?" అన్నాడు. చెంగల్రాయుడు గారు అంతా విని, "నాకు చెప్తే సాలదప్పా. వాయించేవాళ్లు అందురూ చదివే చోట రాయి" అన్నారు. అందుకే మన వాద్యకారుల సంచికలో రాస్తున్నాను.

మునిరత్నం గారు కట్టిన ఏ తీగా ఎవరికీ హాని చేయలేదు. ఆయన బిగించిన స్క్రూ ఒక్కటీ తనంతట వదులు కాలేదు. పరుల ప్రాణం కోసం తీగను అంత జాగ్రత్తగా రెండు వేళ్లు పొడుగు కత్తిరించే చెయ్యి ఈ జిల్లాలో ఇక లేదు. ఆ కర్మయోగికి, ఆ సత్యసంధునికి, అసత్యసంధుడైన ఈ శిష్యుడి సాష్టాంగ ప్రణామం.

సాష్టాంగం నిజంగానే చేశాను, ఆయన ఇల్లాలు రాజమ్మ గారి ముందు. జరిగినదంతా చెప్పి, కాళ్ల మీద పడి, లేవకుండా ఉన్నాను.

"లెయ్ నాయనా" అన్నారు చివరికి. "అంగట్లో జనాల రేడియోలు పదకొండు ఉండాయి. ఎవురివేవో నాకు తెలీదు. నువ్వు రాసేదాంట్లో అది గూడా రాయి."

రేడియోలు ఇచ్చినవారు వచ్చే నెల పదో తేదీలోగా, ఉదయం పది నుంచి ఒంటిగంట మధ్య, చీటీ తెచ్చి తీసుకువెళ్లవలెను. శుక్రవారం సెలవు.