పటాలం ముద్ర పడిన పెంకులు

డాన్యూబ్ ఒడ్డున రోమను పటాలంలో డోలెస్ పద్దెనిమిదేళ్లు కొలువు చేశాడు. కత్తి దూసింది రెండుసార్లే. మిగతా కాలమంతా బంకమట్టి తొక్కడం, పచ్చి పెంకు మీద పటాలం ముద్ర కొట్టడం, బట్టీ కాల్చడం. ముద్ర పడిన పెంకు బయట కనబడితే ఎవరో ఒకరి వీపు చిట్లేది.

ఆ వసంతంలో కోట బయట ద్రాక్షసారా అమ్మే జియా, కొట్టు మీది రెల్లు తీయించి పెంకులు వేయించింది. ప్రతి పెంకు మీదా పటాలం ముద్రే!

డోలెస్ అనుమానం తార్సా మీదికి పోయింది. ఇద్దరూ ఒకే బట్టీలో పనివాళ్లు. పొద్దు వాలితే చాలు, తార్సా ఆ కొట్టుకే పోయేవాడు.

"ఊరికే పోస్తోందేంట్రా నీకు?"

"నా మొహం చూసి పోస్తోందిలే అన్నా."

ఆ మాట ముల్లులా దిగింది. ఆరబెట్టిన వరసలో ఒకరోజు పదకొండు పెంకులు తగ్గాయి. పగిలితే కుప్పలో పారేశానన్నాడు తార్సా. డోలెస్ కుప్ప దాకా పోయి చూడలేదు. తిన్నగా శతాధిపతి దగ్గరికి పోయాడు. ఆయన మారుమాట అడగకుండా తార్సాని బెత్తంతో కొట్టించి రాళ్ల గనికి తోలేశాడు.

విషయం సేనాని చెవిన పడింది. జియా కొట్టు మీది పెంకులు ఊడదీసి తెమ్మని డోలెస్‌నే పంపాడు. కప్పెక్కి తీస్తుంటే ఒకదాని మీద కుక్క అడుగు కనిపించింది, ఒక వేలు లేని అడుగు. బట్టీ చుట్టూ తిరిగిన ఆ కుక్క చచ్చి తొమ్మిదేళ్లయింది. తార్సా పటాలంలో చేరి నాలుగేళ్లే.

"నిజం చెప్పవే, ఎక్కడివివి?"

జియా అటూ ఇటూ చూసింది. "పాత స్నానశాల కూల్చినప్పుడు మీ శతాధిపతే అమ్మాడు. నా పేరు ఎత్తావో, నీ పేరూ కలుపుతా."

డోలెస్ శతాధిపతి ముందు నిలబడి, "అవి పాత పెంకులు దొరా, తార్సా తియ్యలేదు" అన్నాడు.

"పాతవని నీకెలా తెలుసు?"

"నా చేత్తో చేసినవే."

"అయితే ఆ చేతుల్నే అడగాలన్నమాట."

డోలెస్ బట్టీకి తిరిగిపోయాడు. మూడోనాడు కుక్క అడుగు పడిన పెంకును ఉత్తరీయం కింద దాచుకుపోయి సేనాని ముందు పెట్టి, ఉన్నదంతా చెప్పేశాడు. శతాధిపతి వేరే కోటకు బదిలీ అయ్యాడు. తార్సా చిక్కి సగమై తిరిగొచ్చాడు.

"అన్నా" అనే పిలుపు మానలేదు. ఒక సాయంత్రం తనే గిన్నెలో ద్రాక్షసారా పోసి అందించాడు. తార్సా తన గిన్నె ఎత్తి గుటక వేసేదాకా డోలెస్ పెదవి తడుపుకోలేదు.