తెర మీద ఏడు అంకె

దయ్యాల కథలు చెప్పేవారిని నేను ఏనాడూ మా ఇంటి అరుగు ఎక్కనివ్వలేదు. మా పెద్దలు ఈ కొండల్లో పన్నెండు ఊళ్ల మీద పెత్తనం ఉన్న ముఠాదారులు. తగవు వస్తే ఇరువైపులా సాక్ష్యం విని తీర్పు చెప్పినవాళ్లు. ఆ అధికారం మా తాతగారి కాలంలోనే పోయింది. కానీ సాక్ష్యం లేనిదే దేన్నీ ఒప్పుకోని అలవాటు మాత్రం నాకు వచ్చింది. ఇది కూడా సాక్ష్యంలాగే రాస్తున్నాను.

అరకులోయకు అవతల, మా ఊరి జలాశయంలో నేను చేపలు పడతాను. దానికి నా దగ్గర ఒక ప్లాస్టిక్ కయాక్ ఉంది, ఒక్క మనిషి కూర్చునే సన్నటి పడవ. కిందటి శీతాకాలం దానికి ఫిష్ ఫైండర్ తెప్పించాను. నీళ్లలో వేలాడే సెన్సార్ ఒకటి, లోతునూ చేపలనూ చూపే చిన్న తెర ఒకటి, రెంటినీ కలిపే తీగ.

కయాక్‌కు చిల్లులు పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకని అంతా ఊడదీయడానికి వీలుగా బిగించాను. తెరకు ఒక క్లాంపు. సెన్సార్‌కు పక్కన దించే పైపు, జారకుండా కింద సైకిల్ ట్యూబు ముక్క, రెండు రెక్కల నట్లు. బ్యాటరీ రబ్బరు మూత ఉన్న టిఫిన్ డబ్బాలో.

ఆ పని చేస్తుంటే సోమన్న వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నా ఈడువాడే. ఇరవై ఏళ్లుగా ఇద్దరం కలిసే వలలు తీస్తున్నాం.

“ఏటి బాబూ అది, టీవీయా?”

“చేపలు ఎక్కడున్నాయో చూపిస్తుంది. లోతు కూడా చెబుతుంది.”

“సేపలు మీకు కనపడితే సాలదు బాబూ, గేలం కాడికి కూడా రావాలి గదా.” నవ్వాడు. “లోతుకి ఈ పెట్టె ఎందుకు? నన్నడగొచ్చు గదా.”

“ఒకరిని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు” అన్నాను.

అతను నవ్వు ఆపేశాడు. లేచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం వల తీయడానికి నన్ను పిలవలేదు. నేనూ వెళ్లలేదు.

తెల్లవారాక అతని భార్య కొండమ్మ మా గుమ్మంలో నిలబడింది. “రాత్రి ఇంటికి రాలేదు బాబూ. దోనె ఒడ్డుకి కొట్టుకొచ్చింది, బోర్లా పడి ఉంది. బేగి రాండి.”

ఒడ్డుకు వెళ్లేసరికి మంచు ఎంత దట్టంగా ఉందంటే నాలుగు బారల అవతల ఏమీ కనిపించలేదు. దోనెలవాళ్లు నీళ్లలోకి దిగడానికి జంకుతున్నారు. ఆ చలిలో తడిసిన మనిషి ఎంతసేపు ఉంటాడో అందరికీ తెలుసు. నిన్న గట్టు మీద ఆ ఒక్క మాట నేను అనకపోతే రాత్రి అతని పక్కన నేను ఉండేవాణ్ణి. నాకు వేరే ఆలోచన లేదు. తెర, బ్యాటరీ బిగించి కయాక్ నెట్టాను.

కొంత దూరం పోయాక దిక్కు తప్పింది. ఆగి పేరు పెట్టి పిలిచాను, జవాబు లేదు. తెర వంక చూస్తే ఏడు అని ఉంది. నా యంత్రం అడుగుల్లో చూపుతుంది. ఒడ్డుకు అంత దూరాన అంత తక్కువ లోతు ఉండడానికి వీల్లేదు. కొంచెం కుడికి తిరిగాను, ఎనిమిది అయింది. ఎడమకు తిరిగితే మళ్లీ ఏడు, ఆరు. లోతు తగ్గుతోందంటే ఏదో నేల దగ్గరవుతోందనుకుని అంకె తగ్గే వైపే తెడ్డు వేశాను. ఐదు. నాలుగు. తప్పిపోతే పెరిగేది, సరిచేసుకుంటే తగ్గేది. ఒకటి అయిన కాసేపటికి కయాక్ ముక్కు బురదలో దిగబడింది.

జలాశయం నడుమ ఉన్న దిబ్బ అది. రెండు బారల దూరంలో సోమన్న పడి ఉన్నాడు. కాలు విరిగింది, పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి ఉంది.

తుడవడానికి సీటు వెనక సంచిలోంచి తువ్వాలు లాగాను. దానితో పాటు సెన్సార్ బయటికి వచ్చింది. నేను నిన్న చుట్టి రబ్బరు బ్యాండు వేసినట్టే ఉంది, తీగతో సహా, పొడిగా. కంగారులో దాన్ని బిగించనే లేదు.

అప్పుడు సోమన్న కళ్లు తెరిచాడు. గొంతు గుసగుసలాగా ఉంది. “ఏడు నిలువుల కాడి నుంచీ సెప్తన్నాను. మా అయ్య సెప్పినట్టే సెప్పాను. రాడానికి ఇంతసేపా బాబూ?”

నిలువు అంటే మనిషి నిలబడినంత లోతు, ఆరడుగులు. అతని తండ్రి దోనె ముందు నిలబడి రాయి కట్టిన తాడు దించి చూస్తూ లోతును అలాగే కేకవేసి చెప్పేవాడు.

నేను మెడలో వేలాడే ఈల ఊదాను. ఆ చప్పుడు పట్టుకుని రెండు దోనెలు వచ్చాయి. ఒడ్డున కొండమ్మతో “ఉన్నాడు” అన్నాను. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. నేను మొహం తిప్పుకున్నాను, నా కళ్లు కూడా సరిగా లేవు.

ఇక సాక్ష్యం. సెన్సార్ లేకుండా ఆ తెరను తర్వాత చాలాసార్లు వేసి చూశాను. అంకె ఉండాల్సిన చోట గీతలు తప్ప ఏమీ రావు. కొన్ని యంత్రాల్లో దుకాణంలో చూపించడానికి ఉత్తుత్తి అంకెలు నడిచే ఏర్పాటు ఉంటుందట. ఉంటే ఉండనీ, కయాక్ ఎటు తిరిగిందో దానికెలా తెలుస్తుంది? ఎండ కాసిన రోజున సెన్సార్ సరిగా బిగించి, దిబ్బ నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ అదే చోటు వెతికాను. నలభై రెండు అడుగులు. ఏడు నిలువులు.

అక్కడి నుంచి దిబ్బ అర కిలోమీటరు. ఒడ్డున ఉన్న ఎవరికీ ఏ కేకా వినపడలేదు. నాకూ వినపడలేదు.

సోమన్నకు కాల్లో కడ్డీ వేశారు. చీకట్లో దోనె దిబ్బకు గుద్దుకుని తిరగబడడం గుర్తుంది, తనేమన్నాడో మాత్రం గుర్తులేదంటాడు. కొండమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పమంది. సోమన్న అన్నదమ్ములు కొండదేవత దగ్గర కోడిని కోసి నన్ను రమ్మన్నారు. రెండు చోట్లకూ వెళ్లాను. రెండు చోట్లా నాకు తెలియదనే చెప్పాను.

“తెలీదని మీరనగా ఇన్నది ఇదే మొదలు బాబూ” అన్నాడు సోమన్న.

ఇప్పటికీ తెలియదు. అయినా రాత్రి నిద్ర పడుతోంది. ఆ ఉదయం అతను దొరకకపోయి ఉంటే, అన్నీ తెలిసినా పట్టేది కాదు.