ఆరో ప్లగ్గు

మాణిక్ మిస్త్రీకి ఆ ఎండాకాలానికి యాభై రెండేళ్ళు. కుడి మణికట్టు మాత్రం ఆయన కంటే పదేళ్ళు పెద్దదానిలా ఉండేది. ఎప్పుడో ఒక లారీ స్టార్టు చేస్తుంటే ఇంజను ఎదురు తిరిగి, ఇనుప హ్యాండిల్ తన్నింది. వెదురు బద్దలు పెట్టి కట్టుకట్టిన మనిషి తనకు చేతనైంది చేశాడు. ఎముక అతికింది, కానీ వంకరగా. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు. భార్య శరణమ్మ ఆముదం వెచ్చచేసి రుద్దితే, చాయ్ గ్లాసు పట్టుకునేపాటి బలం వచ్చేది.

"ఇగ చాలు తియ్యి. ఎన్ని దినాలు ఆ ఇనుముతోని కొట్లాడుతవ్?" అనేది ఆమె రోజూ.

ఆయన లేచి జహీరాబాదు బజారు దాటి, బొంబాయి రోడ్డు పక్కనున్న తన రేకుల షెడ్డుకు నడిచేవాడు. పద్నాలుగేళ్ళుగా అదే దారి. ఈ మధ్య దారి మధ్యలో ఒకసారి ఆగి, ఎవరి అరుగు మీదనో కూర్చుని మళ్ళీ లేస్తున్నాడు.

పందొమ్మిది వందల అరవై ఆరు మే నెలలో ఒకనాడు, షెడ్డు ముందుకు బసమ్మ వచ్చి నిలబడింది. న్యాల్‌కల్ దగ్గరి పల్లెలో కాపుదనం చేసే లింగాయతుల ఆడమనిషి. భర్త సదాశివ విషజ్వరంతో పోయి నాలుగేళ్ళు. ఆయన నడిపించిన పెట్రోలు లారీ అప్పటినుంచీ కొట్టంలోనే ఉంది.

"మిస్త్రీ, మా లారీ లేపాలె" అన్నది బసమ్మ, కూర్చోమన్నా కూర్చోకుండా. "ముందటేడు వాన లేదు, నిరుడు లేదు. ఊర్ల పశువులకు మేత లేదు. మొన్న ఒక్క దినమే మూడు పండుకొని మల్ల లెవ్వలే. మంజీర అవతల మా అన్నోళ్ళ ఊర్ల జొన్నచొప్ప ఉన్నది, తీస్కపొమ్మంటున్నరు. బండ్లు కడ్దమంటే ఎడ్లకే నిలబడే తాకత్ లేదు."

"బాడుగ లారీ చూసుకోరాదక్కా?"

"అడిగిన. మా తొవ్వల రామన్నరు. అది తొవ్వ కాదు, వాన కోసిన ఒర్రె అన్నరు. మా లారీకి ఆ ఒర్రె ఎరుకే."

చేతకాదని చెప్పాలనే మాణిక్ నోరు తెరిచాడు. నాలుగేళ్ళు కదలని ఇంజను అంటే ఏమిటో ఆయనకు తెలుసు. కానీ ఆమె చెప్పులు చూశాడు. బస్సు దొరకలేదేమో, నడిచి వచ్చినట్టు మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ము. "రేపొస్త" అన్నాడు. అని, ఎందుకన్నానా అని సాయంత్రం దాకా బాధపడ్డాడు.

మర్నాడు కొట్టంలోకి వెళ్ళి చూస్తే, లారీ సీటు మీద కోడి పొదుగుతోంది. పైన రేకుకు ఒక చిల్లు. వానలు వచ్చిన ఏళ్ళలో ఆ చిల్లులోంచి పడిన నీళ్ళన్నీ సరిగ్గా ఇంజను నెత్తిన పడ్డాయి. హ్యాండిల్ పెట్టి తిప్పితే వెంట్రుకవాసి కూడా కదలలేదు. లోపల పిస్టన్లు పట్టేశాయి. వాటి మీద నూనె పోసి నానబెట్టాలంటే ముందు పెట్రోలును మండించే ఆరు ప్లగ్గులూ ఊడాలి. ఆరూ తుప్పు పట్టి, ఇంజను పైమూత అయిన హెడ్డుతో కలిసిపోయి ఒకే ఇనుములా ఉన్నాయి.

ఆరోదాన్ని చూసి మాణిక్ మొహం మాడిపోయింది. దాని తెల్లటి పింగాణి విరిగి ఉంది. పానా పట్టే మూలలు అరిగి గుండ్రమయ్యాయి.

"ఎవలు ముట్టుకున్నరు దీన్ని?"

సదాశివ ఉన్నప్పటినుంచి ఆ లారీ నడిపిన నర్సింలు, గుంజకు ఆనుకుని దూరంగా నిలబడ్డాడు. నలభై ఏళ్ళ మనిషి తల వంచుకున్నాడు. "నేనే మిస్త్రీ. పానాకు గొట్టం తొడిగి గుంజిన. పశువులు అరుస్తుంటే మనసున పట్టలే."

మాణిక్ కోప్పడలేదు. ముందుచక్రం మీది రేకుపై కూలబడ్డాడు.

"నేను బీదర్ల ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునేటప్పుడు గిట్లనే గుంజిన" అన్నాడు. "అల్లం తవ్వి లారీల పంపే దినాలు. సావుకారి తొందర, నా తొందర. తిప్పుతుంటే ప్లగ్గు చేతికి మెత్తగ తగిలింది, పాకం లెక్క. అప్పుడు ఆగాలె. ఆగలే. పుటుక్కున ఇరిగింది. మిగిలిన ముక్కను ఉలితోని కొట్టి తీసిన. ఒక రవ్వ లోపల పడ్డది. నాకెరుకే, గని చెప్పలే. కొత్త ప్లగ్గు బిగించి స్టార్టు చేసిన. ఆ రవ్వ లోపలి గోడంతా గీకి పెట్టింది."

"మీ ఉస్తాద్ కొట్టిండా?"

"కొడితే బాగుండు. ఒక్క మాట అనలే. తొమ్మిది దినాలు ఒక్కడే కూసోని ఇంజనంత ఇప్పి బాగుచేసిండు. నన్ను పానా గూడ అందియ్యమనలే. పదో దినం నేనే ఊరిడిసి వచ్చిన."

ఆ మాట శరణమ్మకు తప్ప అంతవరకు ఎవరికీ చెప్పలేదు ఆయన. ఎందుకు చెప్పాడో ఆయనకే తెలియలేదు. ఒళ్ళు బాగా అలిసినప్పుడు నోటికి కాపలా ఉండదు కాబోలు.

ఆ రోజు చేసిన పని చూస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది. ప్లగ్గుల చుట్టూ పేరుకున్న మట్టిని సన్నటి ఇనుపచువ్వతో గీకి, సైకిల్ పంపుతో ఊది, గుడ్డతో తుడిచి, మళ్ళీ ఊదాడు. ప్లగ్గు ఊడిన క్షణాన ఒక్క ఇసుకరేణువు కూడా లోపలికి జారకూడదు. తర్వాత దీపాలకు పోసే గ్యాసునూనెలో పలచటి ఇంజను నూనె కలిపి, కోడి ఈకతో ఒక్కో ప్లగ్గు మొదట్లో చుక్కలు చుక్కలుగా వదిలాడు. చెక్క సుత్తితో మెల్లగా తట్టాడు. మళ్ళీ చుక్కలు. పొద్దు వాలకముందే పానాలు సంచిలో వేశాడు.

"గింతేనా?" అన్నాడు నర్సింలు.

"ఇగ నూనె పని చెయ్యాలె. మనం చేసేదేం లేదు."

పక్క దొడ్లో ఒక ఎద్దు మూలిగింది. ఆ ఎద్దు తెల్లవారేసరికి చనిపోయిందని మర్నాడు వచ్చాక తెలిసింది. "నిన్ననే తీసి ఉంటే" అని నర్సింలు అననైతే అనలేదు. కానీ అతను చూసిన చూపు మాణిక్‌కు తగిలింది. తీసి ఉంటే విరిగేవి, విరిగితే అసలు లారీయే లేదు అని తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నా ఆ ఎద్దు కళ్ళముందు నుంచి పోలేదు.

రెండోనాడు పానా తగిలించి, ముందు వదులు చేసే వైపు కాదు, బిగించే వైపు ఒక రవ్వంత తిప్పాడు. టిక్కుమంది. అప్పుడు వెనక్కి పావు చుట్టు. కీచుమనగానే ఆగి, నూనె చుక్క వేసి, మళ్ళీ బిగించే వైపు తిప్పాడు. ముందుకింత, వెనక్కింత. బలం కంటే ఓపికే ఎక్కువ కావాలి ఈ పనికి. ఆ ఓపిక కూడా మణికట్టులోంచే ఖర్చవ్వాలి. మధ్యాహ్నానికి నాలుగు ఊడాయి. అయిదోది సాయంత్రం దాకా ఏడిపించి వచ్చింది. అప్పటికి ఆయన చెయ్యి మోచేతి దాకా వాచింది. ఆ రాత్రి జహీరాబాదు పోలేక బసమ్మ ఇంటి వసారాలోనే పడుకున్నాడు.

మూడోనాడు ఆరోదానికి మామూలు పానా పట్టలేదు. ఒక సైజు చిన్న పానా తీసుకుని, లోపలి అంచులు ఆకురాయితో రాకి, సుతారంగా కొట్టి అరిగిన మూలల మీదికి ఎక్కించాడు. తిప్పితే కదలలేదు. ఇంకాస్త బలం పెడితే, ఆ పాత మెత్తదనం చేతికి తగలబోయింది. వెంటనే వదిలేశాడు.

"అక్కా, రెండు కాగుల నీళ్ళు కాగబెట్టాలె. రేడియేటర్ల పోస్త. హెడ్డు వేడెక్కి జర ఉబ్బుతది."

నీళ్ళు అనగానే బసమ్మ మొహం చిన్నబోయింది. ఊరి బావిలో బొక్కెనకు సగం మట్టే వస్తోంది. అయినా తెచ్చింది. ముందు గోరువెచ్చనివి పోశాడు, ఇనుము పగలకుండా. తర్వాత సలసల కాగేవి. రేడియేటరు కింది కుళాయి విప్పి వాటినే పట్టి, మళ్ళీ కాచి, మళ్ళీ పోశారు. అట్లా మూడుసార్లు. హెడ్డు చెయ్యి పెట్టలేనంత కాలింది. ప్లగ్గు కొస మీద మాత్రం తడిగుడ్డ చుట్టి, అది కుంచించుకునేలా చల్లబరిచాడు.

పానా పట్టుకోబోయాడు. వేళ్ళు ముడుచుకోలేదు. ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళను ఒక్కొక్కటే మడిచి చూశాడు. వదలగానే తెరుచుకున్నాయి.

నర్సింలు ముందుకొచ్చాడు. మాణిక్ అతని భుజాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "నీకు బలం జాస్తి నర్సింలూ. అదే భయం." బసమ్మ వైపు తిరిగాడు. "అక్కా, ఇసుర్రాయి కింద జొన్న ఇరుక్కొని రాయి కదలకపోతే ఏం చేస్తవ్?"

"ఏం చేస్త? గుంజితె కొయ్య ఇరుగుతది. జర ఎనక్కి తిప్పి, మల్ల ముందుకు తిప్పుత."

"గదే. పట్టుకో."

ఆమె కొంగు నడుముకు చుట్టి పానా పట్టుకుంది. ఆమె చేతి పక్కనే మాణిక్ తన ఎడమచేతి వేళ్ళు రెండు పానా మీద ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. "బిగించు... చాలు. ఎనక్కి. ఆగు. నూనె. మల్ల..." ఎంతసేపయిందో ఎవరూ చూడలేదు. ఇంజను చల్లారితే నర్సింలు మళ్ళీ నీళ్ళు కాచి తెచ్చాడు. ఒకసారి బసమ్మ తానే ఆగింది. "మిస్త్రీ, మెత్తగయింది" అన్నది. అదే క్షణంలో ఆయన కూడా ఆగమనబోయాడు. బీదర్లో తను ఆగని చోట ఈమె ఆగింది. గడియసేపు నూనె నాననిచ్చి మళ్ళీ మొదలుపెట్టారు.

కీచు... కీచు... తర్వాత చప్పుడు మారింది. బసమ్మ చెయ్యి తేలికయింది. ప్లగ్గు చుట్టు చుట్టుగా పైకి వచ్చి, నల్లటి మరలతో, ఎక్కడా తెగకుండా, ఆమె అరచేతిలో పడింది.

నర్సింలు "అబ్బ!" అని నేల మీద కూర్చుండిపోయాడు. ఇనుము చల్లారాక మాణిక్ వేలు చిల్లులో పెట్టి మరలు తడిమి చూశాడు. ఒక్కటీ చెడలేదు. సంతోషం వస్తుందనుకున్నాడు. నిద్ర వచ్చింది.

తర్వాతి పని నర్సింలుకే చెప్పి చేయించాడు. ఆరు చిల్లుల్లో నూనె పోసి ఒక రాత్రి ఉంచితే పిస్టన్లు వదిలాయి. జహీరాబాదు నుంచి కొత్త ప్లగ్గులు వచ్చాయి. అయిదోనాడు పొద్దున లారీ తుమ్మి, నల్లటి పొగ కక్కి, లేచింది. అదే సాయంత్రం మొదటి చొప్పమోపులతో మంజీర దాటి వచ్చింది. వానలు పడేదాకా వారానికి రెండుసార్లు పోయి వచ్చేది. పశువులన్నీ బతకలేదు. సగానికి పైన బతికాయి.

తర్వాత రెండు మూడేళ్ళలో బొంబాయి రోడ్డు మీద డీజిల్ లారీలే కనిపించసాగాయి. వాటికి ప్లగ్గులే ఉండవు. మాణిక్ బావుల మీది ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తూ, ఎడమచేత్తో పట్టడం నేర్చుకున్నాడు.

ఆ అయిదోనాడు మాత్రం ఇల్లు చేరి, చేతికి ఆముదం రుద్దించుకుంటూ గోడకు ఒరిగాడు.

"అయిందా పని?" అన్నది శరణమ్మ.

"అయింది."

"మరి మొగం గట్లున్నదేంది? అలసట తీరలేదా?"

"ఏడ తీరుతది" అన్నాడు కళ్ళు మూసుకుని. "గని నిద్రయితే పడ్తంది."

మర్నాడు మధ్యాహ్నం దాకా షెడ్డు తలుపు తెరుచుకోలేదు. ఇద్దరు డ్రైవర్లు వచ్చి, తాళం చూసి, వెళ్ళిపోయారు.